మూడు మీటర్లు దాటితే చెవిలో పోటు. ఇంకా లోతుకెళ్తే ఊపిరితిత్తులు ఏమవుతాయి?

ఓఎమ్మార్_నెల్లూరోడు
నాలుగు నెలలు చెన్నై వేళచ్చేరి పూల్‌లో ఈత నేర్చుకుని, ఆ ధైర్యంతో ఫ్రీడైవింగ్ మొదలుపెట్టా. సిలిండర్ ఉండదు. ఒక్క ఊపిరితో దిగాలి, ఆ ఊపిరితోనే పైకి రావాలి. పోయిన శనివారం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు సముద్రంలోకి పడవలో తీసుకెళ్ళారు. నీళ్ళమీద తేలే బోయ్‌కి తాడు కట్టి, దాని వెంబడి తలకిందులుగా దిగమన్నారు. రెండు మీటర్ల దగ్గర చెవులు బిగుసుకున్నాయి. మూడు దగ్గర కుడి చెవిలో సూది గుచ్చినట్టు పోటు. పైకొచ్చి చెబితే ట్రైనర్ "ముక్కు మూసుకుని ఇంకా గట్టిగా ఊదు, అదే తెరుచుకుంటుంది" అన్నాడు. నాలుగోసారి బలమంతా పెట్టి ఊదా. లోపల 'టక్' మంది. ఇక దిగలేదు.

ఇవాళ్టికి మూడు రోజులు. చెవిలో దూది కుక్కినట్టుంది. నా మాట నాకే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు వినిపిస్తోంది. ఆఫీసు కాల్స్‌కి హెడ్‌ఫోన్ ఎడమ వైపే పెట్టుకుంటున్నా.

చెవికే ఇంత జరిగితే, పది మీటర్ల లోతులో ఊపిరితిత్తులు సగం అయిపోతాయట, నిజమేనా? నిజమైతే పక్కటెముకలు ఎందుకు విరగవు? నాకు మానేయాలని లేదు. తెలుసుకుని దిగాలని ఉంది.

చెవిముక్కుగొంతు_డాక్టర్
ముందు చెవి సంగతి. తల తిరుగుతోందా? గుయ్యిమని శబ్దం వస్తోందా? ఫోన్ ఒక్కో చెవి దగ్గరా పెట్టి చూస్తే కుడివైపు తక్కువగా వినిపిస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇవాళే ఈఎన్‌టీకి చూపించండి. గట్టిగా ఊదితే కర్ణభేరికే కాదు, లోపలి చెవిలో ఉండే పల్చటి పొరకూ దెబ్బ తగలొచ్చు. అదే అయితే రోజులు గడిచేకొద్దీ వినికిడి తిరిగి రావడం కష్టమవుతుంది. ముక్కు మూసి మళ్ళీ ఊదకండి. గట్టిగా చీదకండి. చెవిలో నూనె పోయకండి.

ఓఎమ్మార్_నెల్లూరోడు
తల తిరగడం లేదు డాక్టరుగారూ. రాత్రి పడుకున్నప్పుడు కొంచెం గుయ్యిమంటోంది. అమ్మ వెల్లుల్లి రెబ్బలు వేసి నూనె కాచి పెట్టింది, ఇంకా పోయలేదు.

చెవిముక్కుగొంతు_డాక్టర్
పోయనివ్వకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. సాయంత్రం లోపు చూపించుకుని ఇక్కడ రాయండి.

బావిఈత_గూడూరు
ఇంత కంగారు అక్కర్లేదు తమ్ముడూ. మా ఊళ్ళో ముప్పై అడుగుల బావి. మోటారు ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుంటే మేమే మునిగి తీసేవాళ్ళం. ముక్కు మూయడాలు, ఊదడాలు ఏమీ లేవు. మొదట్లో పోటు వచ్చేది, పది పదిహేను రోజులకు పోయేది. చెవి అలవాటు పడిపోతుంది. మా బాబాయ్ అయితే అడుగు దాకా దిగి వాల్వు విప్పుకుని వచ్చేవాడు.

నీలాంకరై_తాడు
@బావిఈత_గూడూరు అన్నా, మీ మీద గౌరవంతోనే కాదంటున్నా. చెవి అలవాటు పడదు.

ఒంట్లో ఎక్కువ భాగం నీరే. నీటిని ఎంత నొక్కినా అది కుంచించుకోదు, అందుకే కాళ్ళూ చేతులకు లోతు తెలియదు. గాలి ఉన్న చోట్లే తెలుస్తుంది. చెవి, సైనస్‌లు, ఊపిరితిత్తులు, మొహానికి పెట్టుకున్న మాస్కు. నీళ్ళపైన ఉండే ఒత్తిడి ఒక వంతు అనుకుంటే, ప్రతి పది మీటర్లకూ ఇంకో వంతు కలుస్తుంది. పది మీటర్లకు రెండింతలు, ఇరవైకి మూడింతలు, ముప్పైకి నాలుగింతలు.

కర్ణభేరి వెనక మధ్య చెవిలో కొంచెం గాలి ఉంటుంది. దిగేకొద్దీ ఆ గాలి కుంచించుకుంటుంది, బయటి నీళ్ళు కర్ణభేరిని లోపలికి నెడతాయి. నొప్పి ఆ సాగడం వల్లే. మధ్య చెవి నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంది, యూస్టేషియన్ ట్యూబ్. మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఆ దారిలో మనం గాలి పంపించి లోపలా బయటా ఒత్తిడి సమానం చేయాలి. ముక్కు వైపు కొస మెత్తగా ఉంటుంది. ఆలస్యం చేస్తే ఒత్తిడికి అది తడి గుడ్డలా అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నాక ఎంత గట్టిగా ఊదితే అంత బిగుసుకుంటుంది. మన నెల్లూరు తమ్ముడికి జరిగింది ఇదే అనుకుంటున్నా. నొప్పి వచ్చాక చేయడం కాదు, నొప్పి రాకముందే చేయాలి. నేనైతే మొదటి పది మీటర్లలో ప్రతి మీటరుకీ చేస్తా.

కోడంబాక్కం_కుమారి
తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు మూసుకుపోతాయి కదా, అదీ ఇదీ ఒకటేనా? అక్కడ గుటక మింగితే సరిపోతుంది మరి.

నీలాంకరై_తాడు
ఒకటే, కాకపోతే కొలత వేరు. కింద తిరుపతి నుంచి కొండ మీదికి ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు వేసుకోండి. గాలి ఒత్తిడిలో వచ్చే తేడా ఎనిమిది తొమ్మిది శాతం. నీళ్ళలో అయితే అది మీటరు కంటే తక్కువే. బస్సు ముప్పావుగంట తిరిగి తిరిగి ఎక్కే కొండను మనం ఒక్క సెకనులో దిగేస్తున్నాం. అందుకే ఒక్క గుటకతో పని జరగదు.

కోడంబాక్కం_కుమారి
అమ్మో. అయితే మూడు మీటర్లంటే ఒక్క గుక్కలో మూడు కొండలు దిగినట్టు!

తాంబరం_టెక్కీ
ఏడు కొండలూ దిగితే గోవిందా అనాల్సిందే 😄

ఓఎమ్మార్_నెల్లూరోడు
చూపించుకున్నా. చిల్లు లేదట. కర్ణభేరి ఎర్రబడి, వెనక కొంచెం రక్తం చేరిందట. వినికిడి పరీక్షలో లోపలి చెవి బాగానే ఉందన్నారు. నాలుగు వారాలు నీళ్ళలోకి దిగొద్దన్నారు. ఒకటి చెప్పడం మర్చిపోయా, ఆ రోజు నాకు కొంచెం జలుబు ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నాక ముక్కు తేలికైతే వెళ్ళిపోయా.

చెవిముక్కుగొంతు_డాక్టర్
చిల్లు లేకపోవడం సంతోషం. జలుబు మాట మొదటే చెప్పాల్సింది. మాత్రతో ముక్కు దిబ్బడ తగ్గినా, మీరు లోతులో ఉండగా దాని ప్రభావం తగ్గిపోవచ్చు. అప్పుడు పైకి వచ్చేటప్పుడు మధ్య చెవిలో వ్యాకోచించే గాలికి బయటికి దారి ఉండదు. దిగేటప్పుడు నొప్పి వస్తే వెనక్కి తిరగొచ్చు. పైకి వచ్చేటప్పుడు వస్తే ఊపిరి అయిపోతూ ఉంటుంది, ఆగడానికి వీలుండదు. జలుబు ఉన్న రోజు సముద్రానికి సెలవు.

ఇంకో మాట. నీళ్ళలో ఉండగా చిల్లు పడితే చల్లటి నీళ్ళు మధ్య చెవిలోకి పోయి ప్రపంచం గిర్రున తిరుగుతుంది, పైకి ఏ వైపో కూడా తెలియదు. తాడు పట్టుకుని ఉంటే కాసేపట్లో ఆ నీళ్ళు వెచ్చబడి తగ్గుతుంది. లోతుకు దిగేవాళ్ళు చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకోకూడదు. ఈత కళ్ళద్దాలూ వద్దు. ముక్కు కప్పని అద్దాల్లోకి గాలి పంపే దారి లేదు, కంటి చుట్టూ రక్తనాళాలు చిట్లుతాయి. ముక్కు కప్పే మాస్కు అయితే ముక్కుతో కొంచెం గాలి వదిలితే చాలు.

తాంబరం_టెక్కీ
నీలాంకరై అన్నా, గట్టిగా ఊదొద్దు అన్నారు, మరి ఎలా చేయాలి? ఎక్కడ చూసినా 'ముక్కు మూసి ఊదు' అనే ఉంటుంది.

నీలాంకరై_తాడు
అది వల్సాల్వా పద్ధతి. ఇటలీ వైద్యుడు ఆంటోనియో వల్సాల్వా చెవి మీద 1704లో రాసిన గ్రంథంలో చెప్పాడు. ఛాతీ, పొట్ట కండరాలతో ఊపిరితిత్తుల గాలిని పైకి తోయడం. నిలువుగా నిలబడితే పని చేస్తుంది. తలకిందులుగా ఉన్నప్పుడు, పైగా ఊపిరితిత్తులే కుంచించుకుపోతున్నప్పుడు, కింద నుంచి తోయడానికి బలం చాలదు.

మేము వాడేది ఫ్రెంజెల్ పద్ధతి. హెర్మన్ ఫ్రెంజెల్ అనే జర్మన్ వైద్యుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన పైలట్లకు నేర్పించాడు. ఇందులో ఊపిరితిత్తులతో పని లేదు. గొంతు మూసేసి, నోట్లో ఉన్న కాస్త గాలినే నాలుకతో పిస్టన్‌లా ముక్కు వెనక్కి నెట్టాలి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూసుకోండి. పొట్ట కదిలితే అది వల్సాల్వానే. పొట్ట కదలకుండా చెవి 'టుక్' మంటే ఫ్రెంజెల్.

నాకు ఇది పట్టుబడటానికి రెండు నెలలు పట్టింది. మాటల్లో ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు చేతకావడం లేదు.

పెరంబూరు_తెలుగుపంతులు
నాకు ఈత రాదు. కానీ ఇది మా వర్ణమాల పాఠంలా ఉంది, చెప్పనివ్వండి.

బరువైన బిందె ఎత్తేటప్పుడు 'హుఁ' అని ఊపిరి బిగబడతారు చూడండి, అప్పుడు గొంతులో తలుపు పడుతుంది. అది మొదటి మెట్టు. తర్వాత 'క' అనబోయి ఆగండి. నాలుక మొదలు పైకి లేచి కొండనాలుక దగ్గర ఆనుకుంటుంది. అందుకే దాన్ని కంఠ్యం అన్నారు. 'త' అనబోయి ఆగితే నాలుక కొన పళ్ళ వెనక ఆనుతుంది, దంత్యం. 'త' దగ్గర మొదలుపెట్టి నాలుకను 'క' వైపు దొర్లిస్తే మధ్యలో ఇరుక్కున్న గాలికి వెనక్కి పోవడం తప్ప దారి లేదు.

ఇక ముక్కులోకి దారి. 'ప' అన్నప్పుడు అంగిలి వెనక మెత్తటి భాగం లేచి ముక్కు దారి మూస్తుంది. 'మ' అన్నప్పుడు దిగి తెరుస్తుంది. అందుకే 'మ' అనునాసికం. 'మ్‌ప, మ్‌ప' అని నెమ్మదిగా అనుకుంటే ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటోందో, ఎప్పుడు పడుతోందో తెలుస్తుంది. తాడు గారూ, నేను చెప్పింది మీ పద్ధతికి సరిపోతుందా?

నీలాంకరై_తాడు
పంతులుగారూ, చదువుతూనే ముక్కు మూసి చేసి చూశా. సరిగ్గా ఇదే! నాకు నేర్పినవాళ్ళు ఇంగ్లీషులో 'టీ' అనాలా 'కే' అనాలా అని వారం రోజులు తికమక పెట్టారు. ఇకమీదట కొత్తగా వచ్చే మనవాళ్ళకు మీ పాఠమే చెబుతా.

కోడంబాక్కం_కుమారి
మా ఇంట్లో ముగ్గురం ముక్కులు మూసుకుని మ్‌ప మ్‌ప అంటున్నాం. మా అత్తగారు వింతగా చూస్తున్నారు 😂

అన్నానగర్_స్కూబా
మధ్యలో నాదో అనుమానం. స్కూబా (సిలిండర్‌తో దిగే డైవింగ్) కోర్సులో మొట్టమొదట చెప్పేది 'ఊపిరి బిగబట్టొద్దు, బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి' అని. మీరేమో బిగబట్టి దిగి బిగబట్టే పైకి వస్తారు. ఏది నిజం?

నీలాంకరై_తాడు
రెండూ నిజమే. స్కూబాలో పది మీటర్ల దగ్గర సిలిండర్ నుంచి పీల్చే గాలి అక్కడి ఒత్తిడికి తగినంత ఉంటుంది. ఆరు లీటర్ల ఊపిరితిత్తులు నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి పన్నెండు లీటర్లు కావాలని చూస్తుంది. చోటెక్కడుంది? ఫ్రీడైవర్ పైనే ఆరు లీటర్లు పీలుస్తాడు. పది మీటర్లలో అది మూడవుతుంది, పైకి వస్తే తిరిగి ఆరే అవుతుంది. తీసుకెళ్ళిన గాలికి మించి పెరగదు. ఒక్క జాగ్రత్త. కింద స్కూబా మిత్రుడు సరదాగా తన రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చే నోటి అమరిక) ఇస్తే ఫ్రీడైవర్ ఒక్క గుక్క కూడా పీల్చకూడదు.

ఓఎమ్మార్_నెల్లూరోడు
ఆరు, మూడు అర్థమైంది. ఇరవై మీటర్లకు రెండు, ముప్పైకి లీటరున్నర. అక్కడి నుంచి? ఛాతీ గూడు ఎముకలతో చేసింది కదా.

నీలాంకరై_తాడు
గట్టి డబ్బా కాదు తమ్ముడూ. పక్కటెముకల మధ్య కండరాలు, మృదులాస్థి ఉంటాయి, గూడు కొంత ముడుచుకుంటుంది. కింద డయాఫ్రమ్, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, పైకి ఎగబాకుతుంది. మనం ఎంత ఊపిరి వదిలినా లోపల లీటరో లీటరున్నరో మిగిలిపోతుంది కదా. ముప్పై మీటర్ల దగ్గర ఊపిరితిత్తులు దాదాపు ఆ పరిమాణానికి వస్తాయి. ఆ లెక్కతోనే, ముప్పై నలభై మీటర్లు దాటితే ఛాతీ నలిగిపోతుందని ఒకప్పటి శాస్త్రజ్ఞులు అనుకునేవాళ్ళు.

అమెరికా నౌకాదళంలో రాబర్ట్ క్రాఫ్ట్ అని ఒకాయన, జలాంతర్గామి నుంచి తప్పించుకోవడం నేర్పే ట్యాంకులో శిక్షకుడు. 1968లో 240 అడుగులు, అంటే 73 మీటర్లు దిగాడు. ఆయన మీద చేసిన కొలతల్లోనే అసలు సంగతి బయటపడింది. కాళ్ళూ చేతుల్లో రక్తనాళాలు సన్నబడతాయి, అక్కడి రక్తం ఛాతీలోకి చేరి ఊపిరితిత్తుల చుట్టూ నాళాల్లో నిండుతుంది. గాలి ఖాళీ చేసిన చోటును రక్తం పూడుస్తుంది. నీటిలాగే రక్తమూ కుంచించుకోదు కాబట్టి గూడు నిలబడుతుంది. తొంభై అడుగుల దగ్గర దాదాపు ఒక లీటరు రక్తం అలా చేరిందని తేల్చారు. 1976లో ఎల్బా దీవి దగ్గర జాక్ మాయోల్ వంద మీటర్లు దిగాడు, అప్పటికి ఆయన వయసు 49.

ముఖం నీళ్ళలో పెట్టగానే గుండె వేగం తగ్గుతుంది, ఇదీ నీళ్ళలో ఒళ్ళు తనంతట తాను చేసుకునే అలాంటి మార్పే. బేసిన్‌లో చల్లటి నీళ్ళు పోసి మొహం ముంచి, పక్కన ఎవరినైనా నాడి పట్టుకోమనండి.

పులికాట్_పిల్ల
మా తాతగారు తూత్తుకుడి వైపు శంఖాలకు మునిగేవాళ్ళ గురించి చెప్పేవారు. మన్నార్ సింధుశాఖలో ముత్యాలకు దిగేవాళ్ళదీ అదే తీరు. బరువు రాయి కట్టిన తాడు పట్టుకుని దిగడం, పైన పడవలో ఇంకొకరు తాడు పట్టుకుని కూర్చోవడం. కింద నుంచి తాడు లాగగానే పైకి గుంజాలి. "తాడు పట్టుకునేవాడు కన్నార్పకూడదు" అనేవారు తాత.

అడయార్_అలలు
ఊపిరితిత్తుల గురించి నా అనుభవం చెప్పకుండా ఉండలేను. రెండేళ్ళ క్రితం అండమాన్‌లో వారం రోజుల్లో 16 నుంచి 28 మీటర్లకు దూకా. ఆఖరి రోజు వార్మప్ లేదు, నిద్ర లేదు. తాడు చివర ఎంత దూరం ఉందో చూద్దామని మెడ వెనక్కి విరిచి కిందికి చూశా. అప్పటికే ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. పైకి వచ్చాక గొంతులో గరగర. దగ్గితే అరచేతిలో లేత గులాబీ రంగు నురగ. నోట్లో ఇనుము నాకిన రుచి.

దాన్ని లంగ్ స్క్వీజ్ అంటారు. కుంచించుకున్న ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు ఉబ్బి, ద్రవమూ రక్తమూ గాలి సంచుల్లోకి కారడం. ఆక్సిజన్ పెట్టారు, ఎక్స్‌రే తీశారు. మూడు నెలలు మెట్లెక్కినా ఆయాసమే. చెవి నొప్పితో చెబుతుంది తమ్ముడూ. ఊపిరితిత్తి ఏమీ చెప్పదు, అంతా అయ్యాక రక్తం చూపిస్తుంది. ఇప్పుడు నేను లోతును మీటరు మీటరుగా పెంచుతున్నా. ఒక్కో లోతులో పదిసార్లు హాయిగా దిగితే గానీ తర్వాతి మీటరు లేదు.

చెవిముక్కుగొంతు_డాక్టర్
దగ్గితే రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఆ రోజుకు అంతే, నేరుగా ఆస్పత్రికి. 'కొంచెమే కదా' అని మర్నాడు దిగినవాళ్ళకే ముదురుతుంది. పూల్‌లో పిల్లలు గాలంతా వదిలేసి అడుగున కూర్చునే పోటీలు పెట్టుకుంటారు, అదీ వద్దు. ఖాళీ ఊపిరితిత్తులతో మూడు మీటర్లు దిగినా, లోతుకు దిగినప్పటి నలుగుడే.

తాంబరం_టెక్కీ
నేను ఇంట్లోనే మూడు నిమిషాలు బిగబడుతున్నా. ముందు నిమిషం పాటు గబగబా పీల్చి వదిలితే ఇంకా ఎక్కువ వస్తోంది. ఈ ఆదివారం అపార్ట్‌మెంట్ పూల్‌లో ఒక్కడినే చేసి చూస్తా.

అడయార్_అలలు
వద్దు. దయచేసి వద్దు.

నీలాంకరై_తాడు
@తాంబరం_టెక్కీ ఆదివారం దాకా ఆగకుండా ఇది ఇప్పుడే చదువు. గబగబా పీలిస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఊపిరి పీల్చాలనే ఆరాటం పుట్టించేది ఆ కార్బన్ డయాక్సైడే. అంటే నువ్వు అలారం తీగ తెంపేస్తున్నావు. ఆరాటం రాకముందే స్పృహ పోతుంది, పూల్ అడుగున చప్పుడు ఉండదు.

లోతులో ఇంకో మోసం. ఇరవై మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎనిమిది శాతానికి పడిపోయినా, మూడింతల ఒత్తిడి వల్ల అది పైన మామూలు గాలి పీల్చినట్టే పని చేస్తుంది. హాయిగా ఉంటుంది. పైకి వస్తుంటే ఒత్తిడి తగ్గి ఆ ఎనిమిది నిజంగా ఎనిమిదే అవుతుంది. అందుకే చాలామంది స్పృహ తప్పేది ఆఖరి పది మీటర్లలో, లేదా తల బయటపెట్టిన కొన్ని క్షణాలకు. ఒకరు దిగితే ఒకరు పైన చూడాలి. దిగినవాడు పైకి వచ్చాక కూడా అర నిమిషం కళ్ళలోకి చూస్తూ ఉండాలి. పులికాట్ చెల్లెలి తాతగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు.

తాంబరం_టెక్కీ
సరే అన్నా. ఒక్కడినే చేయను. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

బావిఈత_గూడూరు
నాలుగు రోజులు ఏమీ రాయలేదు. మొన్న ఊరెళ్ళి బాబాయ్‌ని అడిగా. మొదట నవ్వాడు. తర్వాత "అప్పట్లో రెండుసార్లు చెవిలోంచి రక్తం వచ్చింది, ఆ తర్వాత పోటు రాలేదు" అన్నాడు. అది అలవాటు కాదు, చిల్లు అని ఇప్పుడు అర్థమవుతోంది. ఆయనకు చిన్నప్పటి నుంచీ చెవుడని అనుకున్నాం మేమంతా. పిన్ని ఇరవై ఏళ్ళుగా కేకలేసి మాట్లాడుతోంది. డాక్టరుగారూ, అరవై రెండేళ్ళు, ఇప్పుడు చూపించినా ఉపయోగం ఉంటుందా?

చెవిముక్కుగొంతు_డాక్టర్
తప్పకుండా ఉంటుంది. కర్ణభేరికి పాత చిల్లు ఉంటే చాలావరకు శస్త్రచికిత్సతో పూడ్చవచ్చు. వినికిడి ఎంతవరకు తిరిగి వస్తుందో పరీక్ష చేశాకే తెలుస్తుంది. లేదంటే వినికిడి యంత్రం ఉంది. తీసుకువచ్చేదాకా ఆ చెవిలో నీళ్ళు పడకుండా చూసుకోమనండి.

ఓఎమ్మార్_నెల్లూరోడు
ఆరు వారాల తర్వాత రాస్తున్నా. చెవి బాగైంది. ఈఎన్‌టీ చూసి సరే అన్నాకే వెళ్ళా. ఈ ఆరు వారాలూ లోకల్ ట్రైన్‌లో నిలబడి పంతులుగారి పాఠం చదివా, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని.

ఈసారి వేరే వాళ్ళ దగ్గర. తలకిందులుగా కాదు, ముందు కాళ్ళు కిందికి పెట్టి తాడు పట్టుకుని దిగమన్నారు. మీటరుకొకసారి ఆగి టుక్, ఇంకో మీటరు, టుక్. మూతపెట్టిన ఖాళీ నీళ్ళ సీసా ఒకటి నడుముకు కట్టుకెళ్ళా. మూడు మీటర్ల దగ్గర దాని నడుము లోపలికి పోయింది. ఆరు దగ్గర పక్కలు రెండూ సొట్టపడి ఒక మూల కోసుగా నిలబడింది. పైకి వస్తుంటే నా కళ్ళముందే టప టపమని తిరిగి నిండుకుంది. నా ఊపిరితిత్తులూ ఇదే చేస్తున్నాయి కదా అని దానివంకే చూస్తూ వచ్చా.

ఆరు మీటర్లు. పోటు లేదు. ఏడో మీటరుకు కుడి చెవి కొంచెం బిగిసింది, తిరిగి వచ్చేశా.

నీలాంకరై_తాడు
ఏడు దగ్గర తిరిగి వచ్చావు చూడు, నాకు అది నచ్చింది.

బావిఈత_గూడూరు
తమ్ముడూ, చాలా సంతోషం. రేపు పొద్దున బండికి బాబాయ్‌ని సెంట్రల్‌కి తీసుకొస్తున్నా. డాక్టరుగారూ, పరీక్షకు ఏమీ తినకుండా రావాలా?

చెవిముక్కుగొంతు_డాక్టర్
అక్కర్లేదు. ఇడ్లీ తినిపించి తీసుకురండి. పిన్నిగారినీ రమ్మనండి, ఆవిడ గొంతు విని చూడాలి ఆయన.